దగ్గరికే పెట్టమన్నాను

నాకు ముక్కు మీదే కోపం. ఆ ముక్కు మీదే సోడాబుడ్డి కళ్ళద్దాలు కూడా ఉండేవి కాబట్టి, రెండిట్లో ముందు ఏది కనపడేదో ఎదుటివాళ్ళే చెప్పాలి. మైనస్ పద్నాలుగు. అద్దాలు తీస్తే బారెడు దూరంలో నిలబడ్డది ఆడమనిషో మగమనిషో తెలిసేది కాదు. బళ్ళో అందరూ నన్ను సోడాబుడ్డీ అనే పిలిచారు. ఒకసారి హాజరు పిలుస్తూ మాష్టారు కూడా నోరుజారి అలాగే పిలిచి నాలుక కరుచుకున్నాడు.

కానీ ఆ కళ్ళతోనే నేను బతికాను. నా పని రఫ్ఫు. బట్ట చిరిగినా, నిప్పురవ్వ పడి కాలినా, పురుగు కొట్టినా, ఆ బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, పడుగూ పేకా కలిపి మళ్ళీ నేస్తాను. సరిగ్గా చేస్తే చిరుగు ఎక్కడుండేదో ఆ బట్ట కట్టుకునేవాళ్ళకే దొరకదు. ఆ పనికి అద్దాలు పనికిరావు. అద్దాలు తీసి పక్కన పెట్టి, బట్టని కంటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుంటే ఒక్కొక్క పోగూ తాడంత లావుగా కనపడేది. మంచి కళ్ళున్నవాళ్ళు కుళ్ళుకునే చూపు అది. దేవుడు దూరం చూపు లాగేసుకుని దానికి బదులు ఇది చేతిలో పెట్టాడని నా లెక్క.

మాది చిన్న కొట్టు. ముందువైపు మా ఆయన కుట్టుమిషను, కత్తిరింపుల బల్ల. వెనక కిటికీ పక్కన నా కుర్చీ. బోర్డు మీద ఆయన పేరే ఉండేది గానీ, వచ్చేవాళ్ళు గుమ్మంలో నిలబడి "రఫ్ఫమ్మ ఉందా?" అనే అడిగేవారు. ఆయన తలూపి వాళ్ళని లోపలికి పంపేవాడు. నేను అద్దాలు తీశానంటే మాత్రం కొట్టులో ఎవరూ నోరెత్తకూడదు. ఇది నేను పెట్టిన షరతే. పోగు పైనా పోగు కిందా సూది పోనిస్తుంటే మధ్యలో ఎవరన్నా "అమ్మా" అన్నారంటే లెక్క తప్పుతుంది, తప్పితే విప్పాలి, విప్పితే పోగు తెగుతుంది, తెగితే ఆ పూట మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. అందుకని మా ఆయన వచ్చినవాళ్ళతో సైగలతో మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు. పక్కన ఇస్త్రీ చేసే ఆమె, ఎదురుగా టీ కొట్టతను, పాత ఖాతాదార్లు, అందరూ నేర్చుకున్నారు. నాకు ఆయన ఒక రంగు మచ్చలా అటూ ఇటూ కదులుతున్నట్టు తెలిసేదంతే. ఆ చేతులు ఏం చెబుతున్నాయో కనపడేది కాదు. కనపడాలనీ ఎప్పుడూ అనుకోలేదు. కట్టుకున్న మొగుడి చేతులేగా.

తర్వాత శుక్లాలు వచ్చాయి, రెండు కళ్ళకీ. నాలుగు వేళ్ళ దూరంలో కూడా పోగులు పొగలోకి వెళ్ళిపోయాయి. నల్ల బట్ట మీద నల్ల పోగు వెతకడానికి ఒక పూట పట్టేది. రోజూ నా మీద నాకే విసుగు, దాన్ని ఇంట్లో అందరికీ పంచేదాన్ని. అందరూ అంటే ఆయనొక్కడే.

కంటాసుపత్రిలో డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. కొలతలన్నీ తీశాక నన్ను చిన్న గదిలో కుర్చీలో కూర్చోబెట్టింది. ఇలాంటి గదుల్లో అక్షరాల పట్టిక మన వెనక గోడకి వేలాడుతుంది. ఎదురుగా ఒక నిలువుటద్దం ఉంటుంది, పట్టికని అందులో చూసి చదవాలి. గది చిన్నదైనా చూపు దూరం వెళుతుందని ఆ ఏర్పాటు. నా అద్దాలు నర్సు చేతిలో ఉన్నాయి. నాకు పట్టికా లేదు, నిలువుటద్దమూ లేదు, అంతా గంజినీళ్ళే. మా ఆయన నా కుర్చీ వెనక నిలబడ్డాడని ఆయన చొక్కా వాసనని బట్టి తెలిసింది.

"మీ కనుగుడ్డు మామూలు వాళ్ళకంటే బాగా పొడుగమ్మా," అంది డాక్టరమ్మ. "శుక్లం తీసి లోపల లెన్సు పెడతాం. దాని పవరు మనం ఎంచుకోవచ్చు. దూరానికి సరిపోయేది పెడితే అద్దాలు లేకుండా వీధి చివర బోర్డు చదువుతారు. దగ్గరది మాత్రం కనపడదు. దగ్గరికి పెడితే జానెడు, జానెడున్నర దూరంలో అద్దాలు అక్కర్లేదు, దూరానికి పల్చటి అద్దాలు పెట్టుకోవాలి. ఇప్పుడున్న నాలుగు వేళ్ళ దూరం నేను ఇవ్వలేను, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఏది కావాలి మీకు?"

"దగ్గరికే పెట్టండి," అన్నాను. "వీధి చివర బోర్డుతో నాకేం పని? నా సూదీ దారమూ కనపడాలి. అది పోతే నేను ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే."

ఆమె నవ్వింది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏదో రాసుకుంటోందనుకున్నాను. "సరేనమ్మా," అంది చివరికి. నర్సు నా అద్దాలు చేతికిచ్చింది. బయట బల్ల మీద నన్ను కూర్చోబెట్టి, "చుక్కలమందు ఎప్పుడెప్పుడు వెయ్యాలో కనుక్కుని వస్తా," అని మా ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఎంత శ్రద్ధో అనుకున్నాను.

ముందు కుడికన్ను చేశారు. పెద్ద బాధేమీ లేదు, పైన వెలుగులు, చెవి పక్కన నీళ్ళు కారుతున్న చప్పుడు, అంతే. మర్నాడు పొద్దున ఒక కుర్ర డాక్టరు కంటి మీద మూత తీశాడు. ఎదురుగా గోడ మీద గడియారం, దాంట్లో సన్నటి సెకన్ల ముల్లు. కిటికీ అవతల ఆకులు ఒక్కొక్కటీ వేరువేరుగా. తలుపు దగ్గర మా ఆయన నవ్వుతూ నిలబడ్డాడు, మీసంలో తెల్లవెంట్రుకలు అంత దూరం నుంచీ లెక్కపెట్టొచ్చు. అబ్బ, అనుకున్నాను. ఒక్క క్షణమే. చెయ్యి జానెడు దూరంలోకి తెచ్చుకుని చూసుకుంటే గీతలు లేవు. ఇంకా దగ్గరికి తెస్తే వేళ్ళు కూడా లేవు, చెయ్యంతా పిండిముద్ద.

"దగ్గర కనపడట్లేదు బాబూ. దగ్గరికి కదా పెట్టమన్నాను?"

ఆ కుర్రాడికి నా సంగతేమీ తెలియదు. తనకి తోచింది చెప్పాడు. "ఇంత పొడుగు కళ్ళకి లెక్క అటూ ఇటూ అవుతుంటుందమ్మా. దూరానికి పడినట్టుంది. చాలామంది ఇదే కావాలంటారు, మీరు అదృష్టవంతులు."

మా ఆయన గోడవైపు తిరిగాడు. భుజాలు వంగిపోయాయి. ఏడుస్తున్నాడనుకుని నా ప్రాణం ఉసూరుమంది. మంచం దిగి వెళ్ళి వీపు నిమిరాను. "ఊరుకోండి, మీరు బెంగపడకండి. ఎవరి తప్పూ కాదు. రెండో కన్ను ఉందిగా," అని నేనే ఓదార్చాను. ఆ చెయ్యి ఇప్పుడు నరుక్కోవాలనిపిస్తుంది.

కొట్టుకి వెళ్ళాక అసలు బాధ మొదలైంది. అద్దాలవాడు నా పాత కళ్ళజోడులో కుడివైపు అద్దం ఊడదీశాడు. ఒకవైపు సోడాబుడ్డి, ఒకవైపు ఖాళీ చట్రం. రెండు కళ్ళూ తెరిస్తే ప్రపంచం ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయి తల తిరిగేది. ఒక లాయరుగారి నల్లకోటు వచ్చింది, భుజం దగ్గర పురుగు కొట్టిన చిన్న చిల్లు. ఒకప్పుడైతే టీ చల్లారేలోపు అయ్యే పని. భూతద్దం కొనుక్కుని స్టాండుకి బిగించి కూర్చున్నాను. అందులో రూపాయి బిళ్ళంత మేర కనపడుతుంది, సూది దాన్ని దాటగానే మాయమవుతుంది. లోతు తెలియదు. పోగు కిందకి పోయిందనుకుంటే పైన ఉంటుంది. చూస్తూండగానే మంచి పోగు ఒకటి కత్తెరకి తెగింది, దాని వెనక ఇంకోటి. వచ్చినప్పటికంటే పెద్ద చిల్లుతో ఆ కోటు తిరిగి ఇచ్చాను. లాయరుగారు మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. ఆయన అటు వెళ్ళగానే వెనక గదిలోకి పోయి బట్టల మూటలో మొహం పెట్టుకుని ఏడ్చాను.

మా ఆయన మాత్రం హుషారుగా ఉన్నాడు. మిషను తొక్కుతూ ఈల వేసేవాడు. నన్నడుగుతూ ఎవరన్నా చిరుగు పట్టుకొస్తే, నేను లేచేలోపే "రఫ్ఫు మానేసిందండీ, పాపం కళ్ళు," అనేవాడు. నాతో, "చాల్లే, ఇన్నేళ్ళు చేశావు. హాయిగా కూర్చో. సాయంత్రం అలా నడిచొద్దాం," అనేవాడు. నడిపించేవాడు కూడా. అది చూడు, ఆ మేడ మీద చూడు, ఆ పిట్ట చూడు అని చిన్నపిల్లకి చూపించినట్టు చూపించేవాడు. నేను చూసేదాన్ని. నా బాధ మరిపించడానికి ఎంత తాపత్రయపడుతున్నాడో పిచ్చిమనిషి అనుకునేదాన్ని.

రెండో కంటి పరీక్షకి మళ్ళీ అదే గది, అదే కుర్చీ. ఎడమకంట్లో చుక్కలు వేశారు. కుడికన్ను తెరిచే ఉంది. డాక్టరమ్మ నా పక్కన స్టూలు మీద కూర్చుని, "ముందు ఈ ఆపరేషనయిన కంటితో చదవండమ్మా," అంది. ఎదురుగా నిలువుటద్దంలో అక్షరాలు చదువుకుంటూ చివరి వరసదాకా వెళ్ళాను. "అద్భుతం," అంది. "మరి ఎడమకంటికి కూడా ఇలాగే పెట్టమంటారా?"

"వద్దు," అన్నాను. "లెక్క జాగ్రత్తగా చూసి ఇదన్నా దగ్గరికే పెట్టండి. నా కొంప మునిగి ఉంది. ఈ కన్ను కూడా పోతే నా పని పోయినట్టే."

అంటూ అద్దంలోకే చూస్తున్నాను. పట్టిక పక్కన, నా కుర్చీ వెనక, మా ఆయన నిలువునా కనపడుతున్నాడు. ఆయన డాక్టరమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. చెయ్యి చాచి దూరం చూపించాడు. తర్వాత అరచెయ్యి గుండె మీద పెట్టుకుని కళ్ళు మూసి తెరిచాడు. నేను నచ్చజెబుతాను, మీరు కానివ్వండి అన్నట్టు. ఏమాత్రం దాపరికం లేదు, తడబాటు లేదు. నేను అద్దాలు తీసి ఉన్నాను, కాబట్టి నాకు కనపడదు. అలవాటు. నాకు దూరం చూపు తెప్పించినవాడే ఆ సంగతి మరిచిపోయాడు.

డాక్టరమ్మ నా తల మీదుగా ఆయన్ని చూస్తూ ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం నేనింతకు ముందు ఒకసారి విన్నాను. ఏదో రాసుకుంటోందనుకున్నాను అప్పుడు.

"ఏమండీ," అన్నాను, వెనక్కి తిరక్కుండానే. "ఆ చెయ్యి దించండి."

అద్దంలో ఆయన మొహం పాలిపోయింది. చెయ్యి మాత్రం గుండె మీదే ఉండిపోయింది.

డాక్టరమ్మకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. "పోయినసారి మీవారు లోపలికి వచ్చి చెప్పారమ్మా," అంది, గొంతు తగ్గించి. "ఇంట్లో మాట్లాడుకున్నాం, ఆవిడకీ దూరానికే కావాలి, మొహమాటానికి మీ ముందు అలా అంది అన్నారు."

"మొహమాటమా? నాకా?" నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "ఈ వీధిలో ఎవర్నన్నా అడగండి డాక్టరమ్మా, నాకు మొహమాటం ఉందంటే పడీ పడీ నవ్వుతారు. కన్ను నాది. లోపలికి ఎవరొచ్చి ఏం చెప్పినా మీరు బయటికి వచ్చి నన్నొక్క మాట అడగొద్దూ?"

"అడగాల్సింది. తప్పు నాదే," అంది ఆమె. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నా తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. కుడికంటి లెన్సు మార్చలేరా అని అడిగాను. ఇంత పొడుగు కంట్లో రెండోసారి చెయ్యి పెడితే వెనక తెర చిరగొచ్చని, అప్పుడు అసలుకే మోసమొస్తుందని, తన మనసు ఒప్పుకోవట్లేదని చెప్పింది. ఎడమకంటికి మాత్రం దగ్గరికే పెడతానంది. రెండు కళ్ళకీ తేడా ఉంటుంది, పనిచేసేటప్పుడు ఒక కన్ను మూసుకోవాల్సి రావచ్చు. "పెట్టండి," అన్నాను.

బయట నడవాలో ఆయన నా వెనకే వచ్చాడు. నేను ఆగలేదు. మెట్ల దగ్గర ముందుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"నీ మంచికే చేశాను," అన్నాడు.

"నా మంచికైతే నాకు చెప్పి చేసేవారు."

"చెబితే వింటావా నువ్వు? ఎప్పుడన్నా విన్నావా?" "పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ నడినెత్తి చూస్తూ బతికాను. పొద్దున లేస్తే గుడ్డలో మొహం. రాత్రి పడుకునేదాకా గుడ్డలో మొహం. నేను కొత్త చొక్కా వేసుకున్నా, జ్వరంతో వణుకుతున్నా నీకు తెలియదు. వచ్చినవాళ్ళందరికీ రఫ్ఫమ్మే కావాలి. నేనెవర్ని ఆ కొట్టులో? తలుపు తీసేవాణ్ణి. నువ్వొక్కసారి తలెత్తి నాకేసి చూస్తావని ఆశపడ్డాను. అంతే. అది కూడా తప్పేనా?"

ఆ మాటల్లో అబద్ధం లేదని నాకు తెలుసు, అదే నన్ను ఎక్కువ మండించింది. అడిగి ఉంటే ఎలా ఉండేదో. ఒక్కనాడన్నా నా కుర్చీ దగ్గరికొచ్చి, ఆ సూది పక్కన పెట్టవే, నాకేసి చూడవే అని ఉంటే నేను కసిరేదాన్నేమో, కసిరాక చూసేదాన్నేమో. ఆయన ఆ మాట నాతో అనలేదు. డాక్టరుతో అన్నాడు, అదీ చేతులతో.

"చూశాను," అన్నాను. "మీరు కోరుకున్నట్టే తలెత్తి చూశాను. అద్దంలో మొదటిసారి మిమ్మల్ని నిండుగా చూసినప్పుడు, నా వెనక నిలబడి నా మాట కొట్టేస్తున్నారు."

ఆయన పక్కకి జరిగాడు. నేను మెట్లు దిగాను.

ఇంటికి వెళ్ళకుండా ఇస్త్రీ ఆమె దగ్గరికి వెళ్ళాను. నన్ను అక్కా అంటుంది, నేనంటే ప్రేమే. పెట్టె పక్కన పెట్టి కూర్చోబెట్టింది. జరిగింది చెప్పాను. ఆమె ముక్కున వేలేసుకుంటుందనుకున్నాను. మడత పెట్టిన దుప్పటిని మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"ఆయన గుండె మీద చెయ్యి పెడితే ఏంటి అర్థం?" అడిగాను.

"నువ్వు కాదన్నది నేను అవుననిపిస్తాలే అని," అంది నేలచూపులు చూస్తూ.

"ఇంకా ఏమేం ఉన్నాయి?"

"ఎందుకక్కా ఇప్పుడవన్నీ."

"చెప్పు."

"నువ్వు మండిపడుతుంటే నెత్తి మీద రెండు వేళ్ళు పెట్టి కొమ్ములు చూపిస్తాడు. ఇవాళ దగ్గరికెళ్ళకండి అని. నువ్వు రేపు రమ్మన్న ఖాతాదారుని వారం తర్వాత రమ్మని వేళ్ళు చూపిస్తాడు, నీకు ఒంట్లో బాలేదనుకుంటే. నువ్వు వద్దన్న పని ఒప్పుకుంటాడు. అందరం నవ్వుకునేవాళ్ళం. చెడ్డగా కాదక్కా." ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నీకు తెలిసే ఊరుకుంటున్నావనుకున్నాం."

తెలిసి ఊరుకునే దాన్నా నేను? నా షరతు కోసం ఒక భాష పుట్టింది. వీధి వీధంతా అది మాట్లాడింది, నా ఎదురుగా, నా గురించి. నేను కిటికీ పక్కన కూర్చుని, కొట్టు ఎంత నిశ్శబ్దంగా ఉందో, నా మొగుడు నా పనికి ఎంత విలువ ఇస్తున్నాడో అని మురిసిపోతూ పోగులు లెక్కపెట్టుకున్నాను. ఆ కొమ్ములు తల్చుకుంటే ఒళ్ళు చచ్చిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియక ఇస్త్రీ ఆమె చేతిలోంచి చెయ్యి లాక్కుని వచ్చేశాను.

ఆ తర్వాత ఇంట్లో మాటలు లేవు. అన్నం వడ్డించేదాన్ని, తినేవాడు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఎడమకంటి ఆపరేషనుకి రావద్దన్నాను. ఇస్త్రీ ఆమె తనంతట తనే వచ్చింది, నేను పొమ్మనలేదు. బల్ల మీద పడుకోబెట్టి మొహం మీద గుడ్డ కప్పాక, "డాక్టరమ్మా, దగ్గరికే," అని ఇంకోసారి గట్టిగా అన్నాను. "దగ్గరికే అమ్మా," అంది ఆమె. గదిలో ఉన్న మిగతావాళ్ళకి కూడా వినపడేలాగే అంది.

మర్నాడు మూత తీసింది డాక్టరమ్మే. కుడికన్ను అరచేత్తో మూసుకుని, ఒళ్ళో ఉన్న ఆసుపత్రి దుప్పటి కొస పట్టుకుని జానెడు దూరంలోకి తెచ్చాను. ముందు తెల్లగా మాత్రమే ఉంది. ఇంకొంచెం దగ్గరికి జరిపాను. ముతక నేత, ఒక పోగు పైకి, ఒక పోగు కిందకి, పడుగూ పేకా విడివిడిగా. తాడంత లావు లేవు. ఆ చూపు ఇక రాదు. కానీ ఉన్నాయి. నా ప్రాణం నాకు తిరిగొచ్చింది. ఏడవకూడదు, కంటికి మంచిది కాదని డాక్టరమ్మ అంటూనే ఉంది.

ఆమె వెళ్ళాక తలుపు దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డారు. కుడికన్ను అరచెయ్యి కిందే ఉంది. ఎడమకంటికి ఒక బూడిదరంగు మచ్చ.

"నేనే," అంది ఆయన గొంతు. "కనపడుతున్నానా?"

"లేదు," అన్నాను.

మచ్చ అటూ ఇటూ కదిలింది. ఆయన చేతులు ఏం చేస్తున్నాయో తెలియలేదు. చాలాసేపటికి, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగనంత మెల్లగా అడిగాడు.

"దగ్గరికి రానా?"

అరచెయ్యి తియ్యలేదు. దుప్పటి కొస ఇంకా కంటి ముందే ఉంది.

"వద్దు," అన్నాను.